బెట్ట సంగతి మొక్కకు ఎప్పుడు తెలుస్తుంది? పన్నెండు బకెట్ల వేరుశనగ డైరీ

జనవరి 12

అనంతపురం జిల్లాలో బెట్ట అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ ప్రాంతంలో, ఒక వానకూ మరో వానకూ మధ్య మూడు వారాలు, నాలుగు వారాలు ఎడం రావడం మామూలే. ఆ ఎడంలో ఎర్ర నేల మీద వేరుశనగ ఆకులు వాలిపోయినప్పుడు "చేను బెట్టకొచ్చింది" అంటాం. కానీ అది మన కంటికి కనబడిన రోజు మాత్రమే. నేలలో పదును తగ్గుతున్న సంగతి మొక్కకు అంతకంటే ఎన్ని రోజుల ముందు తెలిసి ఉంటుంది, తెలిసిన తరువాత అది ఏ పనిని ముందు చేస్తుంది, ఏ పనిని తరువాత చేస్తుంది అన్నది బడిలో జీవశాస్త్రం చెప్పే నాకు చాలాకాలంగా ఉన్న ప్రశ్న. ఈ వేసవిలో మిద్దె మీద దానిని చిన్నపాటి ప్రయోగంగా చేయాలని నిర్ణయించుకున్నాను. వాన కాలంలో చేస్తే ఒక్క జల్లు పడినా లెక్కంతా తారుమారవుతుంది కాబట్టి జనవరిలోనే విత్తాను.

పన్నెండు నల్ల ప్లాస్టిక్ బకెట్లు తీసుకున్నాను. ఒక్కొక్క దానిలో జల్లెడ పట్టిన ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి సరిగ్గా 7.5 కిలోలు నింపాను. ఆరు బకెట్లలో కదిరి-6, మిగిలిన ఆరింటిలో టీఎంవీ-2 విత్తాను. మొదటిది కదిరి పరిశోధన స్థానం నుంచి 2005లో వచ్చిన రకం. రెండోది తమిళనాడులోని తిండివనంలో 1940లో విడుదలై, ఆ తరువాత తరాల తరబడి మా జిల్లా పొలాలను ఏలిన రకం. కదిరి-6 విత్తనం కొత్తది. టీఎంవీ-2 మాత్రం పక్క పొలం పెద్దాయన ఇంట్లో మిగిలిన పాత కాయల నుంచి ఒలుచుకున్నది. ఈ తేడా ముందు ముందు నన్ను ఎంత తప్పుదారి పట్టించబోతోందో ఆ రోజు ఊహించలేదు.

జనవరి 24

అన్ని బకెట్లలోనూ మొలకలు వచ్చాయి. బకెట్‌కు ఒక మొక్కను ఉంచి మిగిలినవి పీకేశాను. టీఎంవీ-2 మొలకలు కొంచెం నీరసంగా ఉన్నాయి.

ఫిబ్రవరి 9

తూకాలలో నాకు సాయం చేస్తున్న తొమ్మిదో తరగతి అమ్మాయిలిద్దరూ సాయంత్రం ఆరున్నరకు పరుగున వచ్చి, "సార్, మొక్కలన్నీ వాడిపోయాయి" అన్నారు. వెళ్లి చూస్తే ఏ మొక్కా వాడలేదు, అన్నీ నిద్రకు సిద్ధమవుతున్నాయి. వేరుశనగ ఆకులో నాలుగు పత్రకాలు రెండేసి జతలుగా ఉంటాయి. చీకటి పడే వేళకు ప్రతి జతా పుస్తకం మూసినట్టు పైకి ముడుచుకుంటుంది, తెల్లవారగానే విచ్చుకుంటుంది. పత్రకం కాడ అడుగున ఆవగింజంత ఉబ్బు ఒకటి ఉంటుంది. ఆ ఉబ్బులో ఒక వైపు కణాల నుంచి పొటాషియం అయాన్లు బయటకు పోగా, వాటి వెంట నీరు పోయి, ఆ వైపు సడలి, రెండో వైపు బిగుసుకోవడం వల్ల పత్రకం కదులుతుంది. అత్తిపత్తి ఆకు ముడుచుకునేదీ ఇలాంటి ఉబ్బు వల్లనే, కాకపోతే దానికి తొందర ఎక్కువ.

ఈ సంగతిని ఇంతగా రాసుకోవడానికి కారణం ఉంది. బెట్టలోనూ వేరుశనగ పత్రకాలు ఇదే కీలు మీద, ఇదే తీరున ముడుచుకుంటాయి, కానీ మిట్టమధ్యాహ్నం ముడుచుకుంటాయి. వాడిపోవడం వేరు, ముడుచుకోవడం వేరు. అమ్మాయిలకు వేలితో తాకి తేడా చూపించాను: ముడుచుకున్న ఆకు కాడ నిటారుగా, గట్టిగా ఉంటుంది, పత్రకాన్ని వంచితే తిరిగి లేస్తుంది. వాడిన ఆకు కాడతో సహా వేలాడుతుంది, వంచితే వంగినట్టే ఉండిపోతుంది. మొదటిది మొక్క చేసే పని, రెండోది మొక్కకు జరిగే నష్టం. ఇకపై నోటుబుక్కులో "ముడుపు", "వాడు" అని వేరువేరు గడులు ఉండాలని నిర్ణయించాం.

ఫిబ్రవరి 16

అసలు ప్రయోగానికి ముందే ఒక పొరపాటు బయటపడింది. పడమటి వరుసలోని నాలుగు మొక్కల ఆకులు, తడి నిండుగా ఉన్నా, మధ్యాహ్నం మూడింటికి కళ తప్పుతున్నాయి. బకెట్ గోడ పక్కన మట్టిలోకి థర్మామీటర్ దించితే 44 డిగ్రీలు చూపించింది. లోపలి వరుసలో అదే లోతున 36 డిగ్రీలే ఉంది. నల్ల బకెట్‌కు పడమటి ఎండ తగిలి వేళ్లు ఉడికిపోతున్నాయన్న మాట. పొలంలో వేళ్లకు ఇంతటి వేడి పక్క నుంచి తగలదు. నీటి ఎద్దడిని కొలవబోయి వేడి ఎద్దడిని కొలిచి, దానికి బెట్ట అని పేరు పెట్టేవాడిని. బకెట్లన్నిటికీ తెల్లటి ఖాళీ యూరియా గోతాలు చుట్టి, రోజూ ఉదయం వరుసలు మార్చడం మొదలుపెట్టాను.

తూకం పద్ధతి ఇది. సాయంత్రం ప్రతి బకెట్‌నూ నీరు అడుగు రంధ్రాల నుంచి కారేదాకా తడిపి, రాత్రంతా వడకట్టనిచ్చి, తెల్లవారాక తూచాను. అది ఆ మట్టి పట్టి ఉంచగలిగిన నిండు నీటి బరువు. తరువాత రంధ్రాలు మూసేసి, మట్టి పైన మొక్క కాండం చుట్టూ పాలిథిన్ కప్పి అంటించాను. ఇక బకెట్ నుంచి పోయే నీరు దాదాపుగా ఆకుల ద్వారా, అంటే బాష్పోత్సేకం ద్వారా పోయేదే. రోజూ ఉదయం ఆరింటికి తూచితే నిన్న ఆ మొక్క ఎంత నీరు తాగిందో గ్రాముల్లో తెలుస్తుంది. వంటింటి కాటా 10 కిలోల వరకే తూస్తుంది. బకెట్లు తొమ్మిది కిలోలు దాటుతున్నాయి. పగిలితే ఇంట్లో జవాబు చెప్పుకోవాల్సింది నేనే కాబట్టి, ఎత్తి పెట్టే పని కూడా నాదే.

ప్రతి రకంలో రెండు బకెట్లకు ఎప్పుడూ నిండుగా తడి, రెండింటికి ఇప్పుడు బెట్ట. మిగిలిన రెండింటిని రెండో విడతకు దాచాను, ఎందుకంటే ఒకసారి బెట్ట చూసిన మొక్క రెండోసారి వేరుగా ప్రవర్తించవచ్చు.

ఫిబ్రవరి 18 నుంచి 27 వరకు

18వ తేదీ నుంచి నాలుగు బకెట్లకు నీరు ఆపేశాను.

మొదటి రెండు రోజులు తేడా ఏమీ లేదు. కదిరి-6 మొక్కలు రోజుకు 190 గ్రాముల చొప్పున, టీఎంవీ-2 మొక్కలు 130 గ్రాముల చొప్పున తాగాయి. తడి బకెట్లలోనూ అంతే. మూడో రోజు పన్నెండున్నరకు కదిరి-6 మొక్కల పై ఆకులలో పత్రకాలు ముడుచుకున్నాయి. ఎండ నిలువుగా పడే వేళకు పత్రకాలు కూడా నిలువుగా లేచి, కిరణాలకు తమ వెడల్పును కాక అంచును చూపిస్తున్నాయి. కాడలు గట్టిగానే ఉన్నాయి. నాలుగున్నరకు తిరిగి విచ్చుకున్నాయి. నాలుగో రోజు తూకంలో మొదటిసారి తగ్గుదల కనిపించింది: 190 కాస్తా 150 అయింది. ఐదో రోజుకు 95.

అదే ఐదో రోజున పత్రరంధ్రాల అచ్చులు తీశాం. రంగులేని గోళ్ల రంగును ఆకు అడుగున పలుచగా పూసి, పది నిమిషాలు ఆరనిచ్చి, పారదర్శక టేపుతో లాగి, గాజు పలక మీద అతికించి, బడిలోని సూక్ష్మదర్శినిలో 400 రెట్లు పెంచి చూస్తే, ఆకు చర్మం అచ్చుపోసినట్టు కనబడుతుంది. తడి బకెట్ మొక్కలో లెక్కపెట్టిన 50 రంధ్రాలలో 41 తెరిచి ఉన్నాయి. బెట్ట మొక్కలో 9 మాత్రమే తెరిచి ఉన్నాయి, మిగిలినవన్నీ రెండు పెదవులు బిగించినట్టు సన్నటి గీతలుగా ఉన్నాయి. గోళ్ల రంగులోని ద్రావకమే రంధ్రాలను కొంత మూయించవచ్చు కాబట్టి ఈ అంకెలను విడిగా నమ్మను, పక్కపక్కన పెట్టి పోల్చడానికే వాడతాను.

కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్‌కు వస్తువుల వేడి చూసే మీట కూడా ఉంది. ఆకుకు బాగా దగ్గరగా పట్టి చూస్తే, అదే ఐదో రోజు మధ్యాహ్నం తడి మొక్క ఆకు 31 డిగ్రీలు, బెట్ట మొక్క ఆకు 35 డిగ్రీలు చూపించింది. నీరు ఆవిరైతేనే ఆకు చల్లబడుతుంది. రంధ్రాలు మూస్తే నీరు మిగులుతుంది గానీ ఆకు వేడెక్కుతుంది, పైగా కార్బన్ డయాక్సైడు లోపలికి రాక పిండిపదార్థం తయారీ కుంటుపడుతుంది. పత్రకాలను నిలువుగా లేపడం ఆ వేడిలో కొంతనైనా తప్పించుకోవడానికే.

అదే రోజు ఆకులో నీరెంత ఉందో చూశాం. ఎనిమిది పత్రకాలను కోసిన వెంటనే తూచి, నాలుగు గంటలు నీటిలో తేల్చి నిండా నీరు తాగాక మళ్లీ తూచి, 100 వాట్ల బల్బు అమర్చిన చెక్కపెట్టెలో రెండు రాత్రులు ఎండబెట్టి మూడోసారి తూచాం. తడి మొక్కకు వచ్చిన బరువులు 1.24, 1.34, 0.28 గ్రాములు. నిండుగా పట్టగలిగే నీరు 1.06 గ్రాములు, ఉన్నది 0.96, అంటే 91 శాతం. బెట్ట మొక్కకు 86 శాతం వచ్చింది. నగల కాటా 0.01 గ్రాము వరకే చూపిస్తుంది కాబట్టి ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అయినా విషయం స్పష్టమే: ఆకులో నీరు ఇంకా దాదాపు నిండుగా ఉండగానే, తాగే నీటిని మొక్క సగానికి తగ్గించుకుంది. నాలుగు డిగ్రీల వేడిని భరించడానికి సిద్ధపడింది. కదిరి-6 తెల్లవారుజామున కూడా తేరుకోకుండా నిజంగా వాడింది ఏడో రోజున. అప్పటికి ఆకులో నీరు 68 శాతం. మన కంటికి ఏడో రోజున తెలిసిన సంగతికి మొక్క మూడో రోజుననే స్పందించింది.

టీఎంవీ-2 మొక్కలలో ముడుపు ఐదో రోజున, వాడు పదో రోజున వచ్చాయి. "పాత రకమే గట్టిది, మూడు రోజులు ఎక్కువ ఓర్చుకుంది" అని నోటుబుక్కులో గీత గీసి మరీ రాశాను.

ఫిబ్రవరి 28

ఆ వాక్యాన్ని ఈ రోజు కొట్టేశాను. విత్తనం ఇచ్చిన పెద్దాయన మిద్దె ఎక్కి, బకెట్లన్నీ తిరిగి చూసి, నా తీర్పు విని నవ్వాడు. "సారూ, ఇంట్లో ఇద్దరుంటే బిందె నీళ్లు రెండు దినాలొస్తాయి. పదిమందుంటే పూటకు సాలవు. దాన్ని చూసి ఇద్దరే పొదుపుగాళ్లంటే ఎట్ల?" అన్నాడు.

లెక్క తీస్తే ఆయన మాటే నిజం. ఒక్కో బకెట్‌లో మొక్క పీల్చుకోగలిగిన నీరు సుమారు 840 గ్రాములు. రోజుకు 190 తాగే పెద్ద మొక్క మూడు రోజులలోపే అందులో దాదాపు మూడింట రెండు వంతులు, అంటే 540 గ్రాములు ఖాళీ చేస్తుంది, 130 తాగే చిన్న మొక్కకు అదే పనికి నాలుగు రోజులు దాటుతుంది. టీఎంవీ-2 చిన్నగా ఉండటానికి కారణం రకం కూడా కాదు, పాత విత్తనం. అంటే నేను కొలిచింది ఓర్పును కాదు, ఆకుల విస్తీర్ణాన్ని. కుండీలలో నీరు ఆపి "ఏది ముందు వాడితే అది బలహీనం" అని తేల్చే ప్రయోగాలను పిల్లల విజ్ఞాన ప్రదర్శనల్లో నేనే చాలాసార్లు మెచ్చుకుని మార్కులు వేశాను. ఇక వేయలేను.

మార్చి 4 నుంచి 18 వరకు

రెండో విడతకు పద్ధతి మార్చాను. దాచి ఉంచిన నాలుగు బకెట్లలో ఏదీ రోజుకు 60 గ్రాములకు మించి ఎండకూడదు. అంతకంటే ఎక్కువ తాగిన మొక్కకు ఆ పైన తాగినదంతా తిరిగి పోశాను. చిన్న మొక్కా పెద్ద మొక్కా ఒకే వేగంతో బెట్టలోకి దిగుతాయి. పోల్చేటప్పుడు రోజులను కాక, పీల్చుకోగలిగిన నీటిలో ఇంకా ఎన్నో వంతు మిగిలి ఉందన్న దానిని ప్రమాణంగా తీసుకున్నాను, మొక్క తాగిన నీటిని కూడా తడి మొక్కతో పోల్చి నిష్పత్తిగా రాసుకున్నాను. ఇది నేను కనిపెట్టింది కాదు, పంటల శాస్త్రజ్ఞులు 1980ల నుంచీ వాడుతున్న పద్ధతే.

ఫలితం ఇలా వచ్చింది: కదిరి-6 మొక్కలు తాగడం తగ్గించడం మొదలుపెట్టినప్పుడు మిగిలిన నీటి వంతు 0.38, 0.34. టీఎంవీ-2 మొక్కలలో 0.35, 0.37. రెండు రకాలూ ఒకే చోట బ్రేకు వేశాయి. రకానికి రెండేసి మొక్కలతో రకాల మధ్య తేడా లేదని చెప్పే సాహసం చేయను, కానీ మొదటి విడతలో కనబడిన మూడు రోజుల తేడా మాత్రం మాయమైంది. నీరు మూడింట ఒక వంతుకు చేరువయ్యేదాకా మొక్క ఏమీ ఎరగనట్టే తాగుతుంది, ఆ గీత దాటాక చకచకా తగ్గించుకుంటుంది.

ఆ గీతను మొక్క ఎలా గుర్తిస్తుంది? మట్టి ఎండేకొద్దీ మిగిలిన నీరు మట్టిరేణువులను మరింత గట్టిగా పట్టుకుంటుంది, వేరుకు దాన్ని లాగడం కష్టమవుతుంది. వేళ్లలోనూ ఆకులలోనూ కణాల బిగువు తగ్గగానే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను ఎక్కువగా తయారవుతుంది. పత్రరంధ్రానికి రెండు పక్కలా ఉండే రక్షక కణాలలో దానిని గుర్తుపట్టే గ్రాహకాలు ఉన్నాయని 2009లో తేలింది. హార్మోను గ్రాహకాన్ని పట్టుకోగానే, అప్పటిదాకా సంకేతాన్ని తొక్కిపట్టి ఉంచిన ఎంజైము పక్కకు తప్పుకుంటుంది. ముందు రుణావేశ అయాన్లు, వాటి వెనుక పొటాషియం, దాని వెనుక నీరు రక్షక కణం నుంచి బయటకు పోతాయి. ఉబ్బిన కణాలు సడలి రంధ్రం మూసుకుంటుంది. ఫిబ్రవరి 9న పత్రకం కింద చూసిన ఉబ్బు పనిచేసే తీరు కూడా ఇదే. కీలు పెద్దదైనా, రంధ్రం చిన్నదైనా, మొక్కకు కండరాలు లేని లోటును పొటాషియమూ నీరూ కలిసి తీరుస్తున్నాయి.

వేరు నుంచి ఆకుకు కబురు ఎవరు మోస్తారన్నది ఇంకా ఆసక్తికరం. వేరులో తయారైన అబ్సిసిక్ ఆమ్లమే దారువు గుండా, అంటే వేరు నుంచి ఆకుకు నీరు మోసే గొట్టాల గుండా, పైకి వెళ్తుందని చాలాకాలం అనుకున్నారు. కానీ ఆ ఆమ్లాన్ని సరిగా తయారు చేయలేని టమాటా వేళ్ల మీద మామూలు టమాటా కొమ్మను అంటుకట్టి చూస్తే, మట్టి ఎండినప్పుడు ఆ కొమ్మ ఆకులు రంధ్రాలను మామూలుగానే మూసుకున్నాయని 2002లో వెల్లడైంది. 2018లో జపాన్ శాస్త్రవేత్తలు అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో, ఎండిన వేరు నుంచి ఆకుకు చేరి అక్కడే ఆ హార్మోను తయారీని పెంచే పొట్టి పెప్టైడును, అంటే చిన్న ప్రొటీను ముక్కను, పట్టుకున్నారు. నా వంటింటి కాటాకు ఇవేవీ కనబడవు. అయినా ప్రతి ఉదయం ఆ అంకెలు తగ్గుతున్నప్పుడు లోపల జరుగుతున్నది ఇదేనని తెలిసి తూచడంలో ఒక సంతోషం ఉంది.

మార్చి 15న అమ్మాయిలలో ఒకరు, "మొక్కలు దాహమేస్తే అరుస్తాయంట, నిజమేనా సార్?" అని అడిగింది. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వారు 2023లో ప్రచురించిన పరిశోధనలో, మన చెవికి వినబడని శబ్దాలు నీరందని టమాటా మొక్కల నుంచి గంటకు సగటున 35, పొగాకు మొక్కల నుంచి 11 దాకా నమోదయ్యాయి. అయితే అది అరుపు కాదు. దారువు గొట్టాలలో నీటి తీగ మీద లాగుడు ఎక్కువై తెగినప్పుడు పుట్టే గాలి బుడగల చప్పుడు కావచ్చని వారి అంచనా. అరుపు అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది, ఎందుకంటే ఆ మాట విన్నాక పిల్లలు గొట్టం గురించి ఆలోచించడం మానేస్తారు.

మార్చి 23

18వ తేదీ సాయంత్రం అన్నిటికీ నిండుగా తడి పెట్టాను. రెండు గంటల్లో ఆకులు బిగువుగా లేచాయి. కానీ మరుసటి రోజు అవి తాగిన నీరు తడి మొక్కలు తాగినదానిలో సగమే. పూర్తిగా మామూలు స్థితికి రావడానికి మూడు రోజులు పట్టింది. ఆకులో పేరుకున్న హార్మోను విచ్ఛిన్నమయ్యేదాకా రంధ్రాలు తెరుచుకోవన్న మాట. ఒక్క జల్లును చూసి మొక్క తొందరపడదు.

ఈ రోజు బెట్ట తీరిన మొక్కలకు పసుపు పూలు ఒక్కసారిగా విరగబూశాయి. పూతకు ముందు దశలో కొన్నాళ్లు నీరు ఆపి ఆ తరువాత తడి ఇస్తే దిగుబడి తగ్గకపోగా కొంత పెరిగిందని పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1980లలో చూశారు. పూలన్నీ ఒకేసారి వచ్చి కాయలన్నీ ఒకేసారి ముదరడం అందుకు ఒక కారణం. నా మొక్కలకు మాత్రం బెట్ట తగిలింది పూత మొదలయ్యాక. పూల నుంచి నేలలోకి దిగి కాయలుగా మారే ఊడలలో అప్పటికే పుట్టినవి కొన్ని గట్టిపడిన మట్టిలోకి దిగలేక, కొనలు నల్లబడి, గాలిలోనే వేలాడుతున్నాయి. ఆకు తేరుకుంటుంది, ఊడ తేరుకోదు.

ఏప్రిల్ 17

వేరు కబురును నా చేతులతోనే చూడాలన్న ఆశతో ఫిబ్రవరి చివరలో ఐదు మొలకలను ఇసుకలో పెంచి, ఆరో రోజున తల్లివేరు కొన కత్తిరించి, పక్కవేళ్లు బలిశాక, వాటిని రెండు పాయలుగా విడదీసి, అతికించిన రెండు చిన్న బకెట్లలో చెరొక పాయ దించాను. మూడు చనిపోయాయి, రెండు నిలిచాయి. ఈ నెల 8 నుంచి రెండు మొక్కలకూ ఎడమ బకెట్‌కు నీరు ఆపి, కుడి బకెట్‌ను నిండుగా ఉంచాను. ఆరు రోజుల తరువాత ఆకులో నీరు 90 శాతం దగ్గరే ఉంది, కానీ రోజుకు తాగే నీరు 185 గ్రాముల నుంచి 150కి పడిపోయింది. మధ్యాహ్నం పై ఆకులు ముడుచుకుంటున్నాయి.

సగం వేళ్లే నీరు తోడుతున్నాయి కాబట్టి సరఫరా చాలక తగ్గిందని కూడా దీనికి అర్థం చెప్పవచ్చు. ఆ అనుమానం తీరడానికి ఒక దారి ఉంది. బ్రిటన్‌లో ఆపిల్ మొలకలతో చేసి 1990లో ప్రచురించిన ప్రయోగంలో, ఎండిన వైపు వేళ్లను కోసేయగానే ఆకుల పెరుగుదల తిరిగి పుంజుకుంది. నీరు చాలకపోవడమే కారణమైతే వేళ్లు కోసినంత మాత్రాన మేలు జరగకూడదు. మేలు జరిగిందంటే, ఆ ఎండిన వేళ్లు ఏదో కబురు పంపుతున్నాయనుకోవాలి.

14వ తేదీ ఉదయం ఒక మొక్కకు ఎడమ పాయను కాండం మొదట్లో బ్లేడుతో కోశాను. దానిని కోస్తున్నప్పుడు పెద్దాయన పక్కనే నిలబడి, "బతికే చెట్టును ఇట్ల చేస్తే ఎట్ల సారూ" అని తల పట్టుకున్నాడు. మరుసటి రోజు 148 గ్రాములు, ఆ తరువాత 161, ఈ రోజు 173. కోయని రెండో మొక్క ఇంకా 150 దగ్గరే ఉంది. ఒక్క మొక్కతో ఏదీ రుజువు కాదు, వాతావరణం మారినా ఇంత తేడా రావచ్చు. అందుకే రేపు రెండో మొక్క ఎడమ పాయను కోస్తాను. కాటా బ్యాటరీ ఈ రోజే మార్చాను, బ్లేడు కొత్తది తెచ్చి పెట్టుకున్నాను.